బస్తా సిమెంటు తగ్గించే ధైర్యం ఎవరిది?

కాంక్రీటులో కలిపే కొత్త అడ్మిక్చర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న పెట్టుబడిదారుల ముందు, హైదరాబాద్‌లో ఒక కాంక్రీటు ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? ఏసీ చప్పుడు కొంచెం ఎక్కువే ఉంది. సరే, మొదలుపెడదాం.

మీ అందరి దగ్గరా ఒకే రకం స్లయిడ్లు ఉన్నాయి. కంపెనీ పేరు నేను చెప్పను, మీరూ అనొద్దు. ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు రాసినా స్లయిడ్లు మారవు కాబట్టి పేరుతో మనకు పనిలేదు. మొదట సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఫొటో. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మ, అందులో సూదుల్లాంటివేవో కనపడతాయి. మూడోది రెండు స్తంభాల గ్రాఫు. పొట్టిది మామూలు కాంక్రీటు, పొడుగుది వీళ్ల మందు, అంటే ఆ అడ్మిక్చర్, కలిపినది. కింద చిన్న అక్షరాల్లో, 28 రోజుల బలం, అంటే పోసిన 28 రోజులకి కొలిచే బలం, 10 శాతం ఎక్కువ.

అది చూడగానే మీకొచ్చే అనుమానం ఏమిటి? ఇది నిజంగా పనిచేస్తుందా? అంతే కదా. నేనేమంటానంటే, చాలావరకు పనిచేస్తుందండీ. కాంక్రీటులో ఏం కలిపినా ఏదో ఒక మార్పు వస్తుంది. పంచదార కలిపినా వస్తుంది, గడ్డకట్టడం ఆగిపోతుంది. కాబట్టి ఆ ప్రశ్నతో ఆగిపోకండి. మీరు అడగాల్సింది, దేనితో పోలిస్తే 10 శాతం? ఆ 10 శాతాన్ని డబ్బుగా మార్చుకునేది ఎవరు? మార్చుకోవడానికి సంతకం పెట్టేది ఎవరు? ఈ మూడూ. ఇందులో మూడోది కష్టమైనది, దాని దగ్గరకి మెల్లగా వెళదాం.

ముందు ఆ గ్రాఫు సంగతి. ఎం 30 కాంక్రీటు తీసుకుందాం, అంటే బలం 30 మెగాపాస్కల్స్ ఉండాల్సిన గ్రేడు. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఈ గ్రేడుకి స్టాండర్డ్ డీవియేషన్, అంటే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య మామూలుగా ఉండే ఊగిసలాట, 5 మెగాపాస్కల్స్ అని పెట్టుకుంటాం. దాన్ని 1.65తో గుణించి 30కి కలిపితే టార్గెట్ బలం 38.25. అందులో 10 శాతం అంటే ఎంత? 3.8. అంటే ఆ కంపెనీ చెప్పే లాభం, కాంక్రీటు కలిపే ప్లాంటులో రోజూ ఉండే హెచ్చుతగ్గుల కంటే కూడా తక్కువ. మళ్లీ చెప్తున్నా, లాభం 3.8, మామూలు ఊగిసలాట 5. మరి మూడు క్యూబులు, అంటే పరీక్ష కోసం పోసిన కాంక్రీటు దిమ్మలు, పగలగొట్టి గ్రాఫు గీస్తే అది దేన్ని చూపిస్తున్నట్టు?

ఐఎస్ 456 లెక్కలో ఒకే బ్యాచ్ నుంచి తీసిన మూడు క్యూబులు కలిపి ఒక్క శాంపిల్. ఆ మూడింటి మధ్యే సగటు నుంచి 15 శాతం దాకా తేడాను కోడ్ ఒప్పుకుంటుంది. ప్లాంటు పరిస్థితుల్లో నిజంగా 10 శాతం తేడా ఉంటే, దాన్ని అయిదింట నాలుగుసార్లయినా పట్టుకోవాలంటే మందు లేని మిక్సుకి పాతిక ముప్పై శాంపిళ్లు, మందు ఉన్న మిక్సుకి పాతిక ముప్పై శాంపిళ్లు కావాలి. ల్యాబులో జాగ్రత్తగా చేస్తే ఊగిసలాట రెండుకి తగ్గుతుంది, అప్పుడు నాలుగైదు బ్యాచ్‌లు చాలు. కానీ మందు అమ్మేది ల్యాబుకి కాదు, ప్లాంటుకి. ఎన్ని క్యూబులు అని అడగొద్దు. ఎన్ని వేర్వేరు రోజుల్లో, ఎన్ని వేర్వేరు బ్యాచ్‌లు అని అడగండి.

ఇంకొకటి. ఆ పొట్టి స్తంభం ఎందుకు పొట్టిగా ఉంది? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. పొడుగు స్తంభాన్ని పొడుగు చేయడం కష్టం, పొట్టిదాన్ని ఇంకా పొట్టి చేయడం చాలా తేలిక.

ఎలాగో చూడండి. రోబో ఇసుకలో తేమ ఉంటుంది. క్యూబిక్ మీటరుకి 750 కిలోల ఇసుక పడుతుందనుకోండి. తేమ లెక్క ఒక్క శాతం తప్పితే ఏడున్నర లీటర్ల నీళ్లు ఎక్కువ పడ్డట్టే. 350 కిలోల సిమెంటుకి నీటి నిష్పత్తి 0.45 ఉండాల్సింది 0.47 దాటుతుంది. దానికే దాదాపు రెండు మెగాపాస్కల్స్ పోతాయి. మీ లాభంలో సగం అక్కడే ఉంది. ఎవరూ మోసం చేయక్కర్లేదు, ఉదయం ఒక మిక్సు, మధ్యాహ్నం ఒక మిక్సు వేసి ఇసుక తేమ మళ్లీ చూడకపోతే చాలు.

గాలి ఇంకో దొంగ. కాంక్రీటులో ఒక శాతం గాలి పెరిగితే బలం సుమారు అయిదు శాతం తగ్గుతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద మిషను అక్కర్లేదు. 150 మిల్లీమీటర్ల క్యూబు బరువు ఎనిమిది కిలోల పైచిలుకు ఉంటుంది. ఒక శాతం గాలి అంటే 80 గ్రాములు. రిపోర్టులో బలంతో పాటు ప్రతి క్యూబు బరువూ అడగండి. మందు లేని క్యూబులు వరసగా నూటయాభై గ్రాములు తేలికగా ఉంటే, పెరిగింది బలం కాదండీ, తగ్గింది గాలి. బరువులు రాసిపెట్టుకోలేదు అంటే ఆ రిపోర్టు పక్కన పెట్టేయండి.

నానో పదార్థాలు, అంటే గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులు, నానో సిలికా, వీటిలో ఇంకో చిక్కుంది. ఇవి పొడిగా ఉంటే ఉండలు కట్టుకుపోతాయి. అందుకని నీళ్లలో విడదీసి ఉంచడానికి ఒక డిస్పర్సెంట్ వాడతారు. చాలాసార్లు అది మనం రోజూ వాడే పాలీకార్బాక్సిలేట్ లాంటిదే, సైట్లో పీసీఈ అంటారు చూడండి, దాని బంధువు. అది నీళ్లు తగ్గిస్తుంది, సిమెంటు రేణువుల్ని విడదీస్తుంది, అంటే అది ఒక్కటే కలిపినా బలం పెరుగుతుంది. మరి పెరిగిన బలం నానోది ఎంత, దాన్ని మోసుకొచ్చిన ద్రావణానిది ఎంత? మందు లేని మిక్సు ఒక్కటే పెట్టి పోల్చడం సరిపోదు. నానో లేకుండా అదే డిస్పర్సెంట్, అదే మోతాదులో కలిపిన మిక్సు ఇంకొకటి కావాలి. ఆ మూడో స్తంభం లేని గ్రాఫుని నేనైతే చూడను.

ఇప్పుడు డబ్బు లెక్క. అంకెలు లెక్క తేలిక కోసం పెట్టుకున్నవి, మార్కెట్ రేటు మీరే సరిచేసుకోండి. సిమెంటు బస్తా 350 రూపాయలు, కిలో ఏడు. ఎం 30లో క్యూబిక్ మీటరుకి 350 కిలోలు. కంపెనీ ఏమంటుంది? బలం పెరిగింది కాబట్టి 10 శాతం సిమెంటు ఆదా, అంటే 35 కిలోలు, అంటే 245 రూపాయలు. బాగానే ఉంది. కానీ ఏ ప్లాంటు ఇవాళ 350 కిలోలూ సిమెంటే వేస్తోంది? చెప్పండి, ఎవరైనా ఆర్ఎంసీ, అంటే రెడీమిక్స్ కాంక్రీటు, ప్లాంటు లోపలికి వెళ్లినవాళ్లు ఉన్నారా? ఫ్లై యాష్, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, దాని సైలో పక్కనే ఉంటుంది. 30 శాతం బూడిద వేస్తే సిమెంటు 245 కిలోలు, బూడిద 105. బూడిద కిలో రెండు రూపాయలనుకుంటే క్యూబిక్ మీటరుకి 525 రూపాయలు అప్పటికే మిగిలిపోయాయి. మీ కంపెనీ అసలు పోటీదారు ఇంకో స్టార్టప్ కాదు, రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నంలలో పేరుకున్న బూడిద. విశాఖ వైపు అయితే ఉక్కు ఫ్యాక్టరీ స్లాగు కూడా.

మిగిలిన 245 కిలోల సిమెంటులో 10 శాతం అంటే 24 కిలోల పైన, సుమారు 170 రూపాయలు. అందులో సగమైనా తనకి మిగలకపోతే ప్లాంటు ఓనరు చెయ్యి కదపడు. ఎందుకు కదుపుతాడు? రిస్కు అతనిది. కాబట్టి మీ కంపెనీకి దక్కేది 85 రూపాయలు. మందు ద్రవరూపంలో ఒక శాతం మోతాదు అయితే మూడున్నర కిలోలు పడుతుంది, అంటే కిలో 24 రూపాయలకి మించి అమ్మలేరు. ఆ 24లోనే ముడిసరుకు, డ్రమ్ము, లారీ కిరాయి, టెక్నీషియన్ జీతం, డీలరు కమీషను అన్నీ రావాలి. కంపెనీవాళ్లు కిలో ధర ఒక స్లయిడ్లో, మోతాదు ఇంకో స్లయిడ్లో చెప్తారు. రెండూ గుణించి క్యూబిక్ మీటరుకి ఎంత అని మీరే రాసుకోండి. ఆ ఒక్క అంకె మీ దగ్గర లేకుండా మీటింగులోంచి లేవకండి.

ఇదంతా సిమెంటు తగ్గించగలిగితే. ఇక్కడే మూడో ప్రశ్న వస్తుంది. తగ్గించొచ్చా?

ఐఎస్ 456లో అయిదో పట్టిక ఉంది. వాతావరణం ఎంత కఠినమో దాన్ని బట్టి ఆర్‌సీసీలో క్యూబిక్ మీటరుకి కనీస సిమెంటు ఎంత వేయాలో చెప్తుంది. మోడరేట్ అయితే 300 కిలోలు, సివియర్ అయితే 320, వెరీ సివియర్ అయితే 340, ఎక్స్‌ట్రీమ్ అయితే 360. విశాఖ బీచ్ రోడ్డు మీద సముద్రపు తుంపర తగిలే కట్టడం వెరీ సివియర్ కిందికి వస్తుంది. అక్కడ 350 నుంచి పాతిక తీసేస్తానంటే కుదరదు, 340 దగ్గర గోడ ఉంది. ఆ కనీసంలో ఫ్లై యాష్‌నీ స్లాగునీ లెక్కలోకి తీసుకోనిస్తుంది కోడ్. మీ కొత్త మందుని తీసుకోనివ్వదు. అది ఎంత బలం ఇచ్చినా సరే. ఎందుకంటే ఆ పట్టిక బలం కోసం పెట్టింది కాదు, లోపల ఇనుము తుప్పు పట్టకుండా పెట్టింది.

సిమెంటు తగ్గించకుండా బలం ఒక్కటే పెరిగితే? పెరిగితే ఏముందండీ, డిజైనరు ఎం 30కి లెక్క వేశాడు, 42 వచ్చినా 38 వచ్చినా బిల్లు ఎం 30దే. ఎక్కువ వచ్చిన బలానికి ఎవరూ రూపాయి ఇవ్వరు. అర్థమైందా? కంపెనీ అమ్ముతున్నది బలం కాదు. అరబస్తా సిమెంటు తీసేసినా ఏమీ కాదు అనే ధైర్యాన్ని అమ్ముతోంది. ఆ ధైర్యానికి సంతకం ఎవరు పెడతారు?

ప్లాంటులో క్వాలిటీ ఇంజనీరు పెట్టడు, మిక్సు డిజైన్ మారిస్తే కన్సల్టెంటు ఒప్పుకోవాలి. కన్సల్టెంటు ఏ కోడ్ చూపించి ఒప్పుకుంటాడు? అడ్మిక్చర్లకి మనకి ఐఎస్ 9103 ఉంది. అందులో ఉన్న జాతులు ఇవీ: త్వరగా గడ్డకట్టించేవి, ఆలస్యం చేసేవి, నీళ్లు తగ్గించేవి, గాలి బుడగలు చేర్చేవి, సూపర్ ప్లాస్టిసైజర్లు, అంటే నీళ్లు బాగా తగ్గించి కాంక్రీటుని జారుగా ఉంచేవి. "సిమెంటుకి బదులు బలం ఇచ్చేది" అనే గడి అందులో లేదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ494లో టైప్ ఎస్ అని ప్రత్యేక పనుల కోసం ఒక గడి ఉంది, మనకి లేదు. అందుకని చాలా కంపెనీలు సూపర్ ప్లాస్టిసైజర్ కింద పరీక్ష చేయించి ఐఎస్ 9103 సర్టిఫికెట్ చూపిస్తాయి. సర్టిఫికెట్ అబద్ధం కాదు. కానీ అది చెప్పేది ఈ ద్రవం సూపర్ ప్లాస్టిసైజర్‌గా పనికొస్తుందని మాత్రమే, సిమెంటు తగ్గించొచ్చని కాదు. మీకు చూపించిన సర్టిఫికెట్‌లో ఏ జాతి కింద పాసయిందో చదవండి.

బిల్డరు సంగతి చూడండి. రెరా చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన రోజు నుంచి అయిదేళ్ల దాకా స్ట్రక్చరులో లోపం వస్తే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ప్లాంటు తనకి మిగిలే 85 రూపాయలూ అతనికే వదిలేసిందనుకున్నా, ఆ ఆదా కోసం అయిదేళ్ల బాధ్యత మోస్తాడా? ఒక స్లాబుకి వంద క్యూబిక్ మీటర్లు అనుకుందాం, ఆదా 8,500. ఆ స్లాబులో క్యూబులు ఫెయిలైతే స్లాబుని తొలిచి పరీక్షకి కోర్లు తీయాలి, లోడ్ టెస్టు చేయాలి, పై అంతస్తు పని ఆపాలి, ఖర్మ కాలితే పగలగొట్టాలి. ఆ లెక్క ఏ బిల్డరుకైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. మీకు అర్థం కావడానికి మాత్రం ఇంత ప్రసంగం కావాల్సి వస్తోంది. ఊరికే అన్నాను, ఏమీ అనుకోకండి.

ప్రభుత్వ పనులు చేస్తాం అంటారు. అక్కడ ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ రేట్ల పట్టికలో, లేని ఐటెం టెండరులోకి రావడమే కష్టం. రోడ్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దగ్గర కొత్త పదార్థాలకి అక్రిడిటేషన్ పద్ధతి ఉంది, ఇళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ ఇచ్చే పనితీరు సర్టిఫికెట్ ఉంది. తలుపులు లేకపోలేదు, కానీ ప్రతి తలుపు దగ్గరా ఏళ్లు పడుతుంది. ఎల్‌సీ3 సిమెంటు పేరు విన్నారు కదా, కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపేది. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్, మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ లాంటి పెద్ద సంస్థలు దాని వెనక ఉన్నాయి. 2000 దశకం మధ్యలో మొదలైన ఆలోచన అది. బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 18189 వచ్చింది 2023లో. అందులో ఉన్నవేమో మట్టి, సున్నపురాయి. ఎవరూ ఎరగని నానో పదార్థం, వెనక పదిమంది ఉద్యోగులున్న కంపెనీ, వీళ్లకి ఎంతకాలం పట్టొచ్చు? వాళ్ల బ్యాంకులో డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుంది? ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

కన్సల్టెంట్లు మరీ పిరికివాళ్లు అనుకోకండి. వాళ్ల భయానికి చరిత్ర ఉంది. కాల్షియం క్లోరైడ్ ఒకప్పుడు అందరికీ ఇష్టమైన మందు, చలిలో కూడా తొందరగా గట్టిపడేది, చవక. తర్వాత లోపల ఇనుము తుప్పు పట్టి పగుళ్లు వచ్చాయి. 1977లో బ్రిటన్ ఆర్‌సీసీలో దాన్ని ఆపేసింది. ఇవాళ ఐఎస్ 456 కాంక్రీటులో మొత్తం క్లోరైడుకి కిలోల్లో హద్దు పెట్టింది అందుకే. హై అల్యూమినా సిమెంటు కథ ఇంకా గట్టిది. ఒక్క రోజులో అద్భుతమైన బలం. ప్రీకాస్ట్ దూలాలు, అంటే ముందే అచ్చుల్లో పోసి తెచ్చేవి, చేసేవాళ్లకి పండగ. వేడి, తేమ ఉన్నచోట ఏళ్ల తర్వాత దాని స్ఫటికాలు రూపం మార్చుకుంటాయి, లోపల రంధ్రాలు పెరుగుతాయి, బలం పడిపోతుంది. 1974లో లండన్ స్టెప్నీలో ఒక స్కూలు స్విమ్మింగ్ పూల్ పైకప్పు కూలింది. 28 రోజుల పరీక్షలో ఆ సిమెంటు ఎప్పుడూ ఫెయిల్ కాలేదు. అందుకే కొత్త మందు అనగానే, 28 రోజులది సరే, ఏడాదిది చూపించు అంటారు.

ఏడాదిది అంటే నిజంగా ఏడాది. ఆల్కలీ సిలికా చర్యకి, అంటే సిమెంటులోని క్షారం కంకరలోని సిలికాతో కలిసి కాంక్రీటుని ఉబ్బించి పగలగొట్టడానికి, మోర్టారు కడ్డీ పరీక్ష పదహారు రోజుల్లో అయిపోతుంది గానీ, నమ్మదగిన కాంక్రీటు ప్రిజం పరీక్షకి ఏడాది. సల్ఫేటు వ్యాకోచానికి ఆరు నెలల నుంచి ఏడాది. క్లోరైడుకి ఆర్‌సీపీటీ అనే తొందర పరీక్ష ఉంది, ఆరు గంటలు కరెంటు పంపి ఎన్ని కూలంబులు పోయాయో చూస్తారు. కంపెనీలకి ఇది చాలా ఇష్టం. కానీ కాస్త ఆగండి, అది కొలిచేది కరెంటుని, క్లోరైడుని కాదు. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ కరెంటుని మోస్తాయి. కాబట్టి ఫలితం ఏ వైపు వచ్చినా అర్థం చెప్పడం కష్టం. ఇలాంటి మందుకి ఉప్పునీళ్లలో నెలల తరబడి ముంచి పొరలు పొరలుగా గీకి క్లోరైడు కొలిచే పరీక్షే చేయించాలి.

ఇక ప్లాంటు నేల మీదకి వద్దాం. ఇక్కడ చాలా మందులు చచ్చిపోతాయి.

నానో పదార్థం మోతాదు 0.05 శాతం అన్నారనుకోండి. 350 కిలోలకి 175 గ్రాములు. 2,400 కిలోల కాంక్రీటులో 175 గ్రాముల పొడి, పాన్ మిక్సరు తిరిగేది అర నిమిషం, ముప్పావు నిమిషం. సమంగా కలుస్తుందా? కలవదు. అందుకని రెండు శాతం ఘనపదార్థం ఉన్న నీళ్ల మందుగా ఇస్తారు. అప్పుడు క్యూబిక్ మీటరుకి దాదాపు తొమ్మిది లీటర్లు. ఆ నీళ్లని మిక్సు నీళ్లలోంచి తీసేయాలి, తీసేయకపోతే ఇందాకటి ఇసుక తేమ కథే. నెలకి 4,000 క్యూబిక్ మీటర్లు పోసే ప్లాంటుకి నెలకి 35 వేల లీటర్లు, వెయ్యి లీటర్ల ట్యాంకులు ముప్పై అయిదు. లారీలో వెళ్లేదంతా ఏమిటి? నీళ్లే. కిరాయి కట్టేది నీళ్లకి. చిక్కగా చేద్దాం అంటే మందు అడుగుకి దిగిపోతుంది, లేదా జావలా అయి పంపు లాగదు.

ఇది మీరే చూడొచ్చు, చాలా తేలిక. పారదర్శకమైన సీసాలో లీటరు మందు పోసి నెలరోజులు 40 డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచండి. మన మే నెలలో రేకుల షెడ్డు కింద ఎలాగూ అంతే ఉంటుంది. తర్వాత పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కొంచెం కొంచెం తీసి ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేయించండి. ఐఎస్ 9103 ప్రకారం డ్రై మెటీరియల్ కంపెనీ చెప్పిన విలువకి అయిదు శాతం లోపల ఉండాలి. ఉండాల్సిన రెండు శాతానికి పైన దాదాపు సున్నా, అడుగున ఆరు వస్తే, డ్రమ్ము మొదటి రోజు పోసిన స్లాబుకి మందు లేదు, చివరి రోజు పోసినదానికి మూడింతలు పడింది. మూడింతలు పడితే ఏమవుతుంది? మందులోని డిస్పర్సెంటు కూడా మూడింతలు, కాంక్రీటు మర్నాటికి కూడా గట్టిపడదు. సెంట్రింగు మేస్త్రీ ఫోన్ చేస్తాడు. ఆ ప్లాంటు మళ్లీ మీ మందు కొనదు.

ప్లాంటులో ఉండేది ఒకటో రెండో అడ్మిక్చర్ లైన్లు. మీ మందుకి కొత్త ట్యాంకు, కొత్త పంపు, కొత్త తూకం, బ్యాచింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త గడి. ఎవరు పెడతారు? ప్లాంటు ఓనరు పెట్టడు, కంపెనీయే ఉచితంగా పెడుతుంది. అంటే మీ డబ్బు. ఇంకో సంగతి, ఆ ప్లాంటులో ఇప్పటికే పీసీఈ అమ్ముతున్న పెద్ద కంపెనీ ఉంటుంది. వాళ్ల టెక్నీషియన్ వారానికోసారి వచ్చిపోతుంటాడు. మీ మందు కలిపాక స్లంపు, అంటే పచ్చి కాంక్రీటు జారుదల, పడిపోతే, "మా పీసీఈ బాగానే ఉంది, ఆ కొత్తది తీసేయండి" అంటాడు. అతని మాట చెల్లుతుంది. స్లంపు ఎందుకు పడిపోతుంది అంటారా? రోబో ఇసుక దుమ్ములో బంకమట్టి ఉంటే అది పీసీఈని పీల్చేస్తుంది. ఫ్లై యాష్‌లో కాలని బొగ్గు ఉంటే అదీ కొంత పీలుస్తుంది, ప్రమాణం ప్రకారం మండుడు నష్టం, అంటే కాలిస్తే పోయే భాగం, అయిదు శాతం దాకా ఉండొచ్చు. సిమెంటు బ్రాండు మారితే జిప్సం మారుతుంది, ప్రవర్తన మారుతుంది. హుజూర్‌నగర్ సిమెంటుతో కుదిరింది తాడిపత్రి సిమెంటుతో కుదరాలని లేదు. ప్లాంటేమో నెలకో బ్రాండు మారుస్తుంది, ఏది చవకైతే అది.

మరి ఏ కొత్త మందూ గెలవలేదా? గెలిచాయి. సూపర్ ప్లాస్టిసైజర్లు 1960లలో జపాన్‌లో, జర్మనీలో పుట్టాయి, పీసీఈ 1980లలో జపాన్‌లో. ప్రపంచమంతా వాడుతోంది. ఎందుకు గెలిచాయి? స్లంప్ కోన్ ఎత్తగానే తేడా కళ్లకి కనపడింది. పది నిమిషాల్లో. 28 రోజులు ఆగక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, పంపు ఆపరేటరు చూసి ఇదే కావాలన్నాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా. కొన్నవాడికి అదే రోజు కనపడే లాభం ఉందా, లేదా?

లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి 2007లో నోవాసెమ్ అని ఒక కంపెనీ వచ్చింది. మెగ్నీషియం సిలికేటుతో సిమెంటునే మార్చేస్తాం అన్నారు. సైన్సు మంచిదే. 2012లో మూతపడింది, పేటెంట్లు ఆస్ట్రేలియా కంపెనీ కాలిక్స్ కొనుక్కుంది. అదే కాలంలో మొదలైన కెనడా హాలిఫాక్స్‌లోని కార్బన్‌క్యూర్ వేరే దారి పట్టింది. సిమెంటు జోలికి పోలేదు, ఉన్న ప్లాంటుకే ఒక ట్యాంకు, ఒక వాల్వు పెట్టి మిక్సులోకి కార్బన్ డయాక్సైడ్ వదిలారు. సిమెంటు తగ్గింపు చిన్నదే, కానీ ప్లాంటు పద్ధతి మారలేదు. 2021లో కార్బన్ ఎక్స్‌ప్రైజ్ గెలిచిన ఇద్దరిలో వాళ్లొకరు. ఎవరి మందు గొప్పది అని కాదు నేను చెప్పేది, ఎవరు కొనుగోలుదారుణ్ణి తక్కువ ఇబ్బంది పెట్టారు అని.

అందుకని మీ కంపెనీని ఒకటి అడగండి. 28 రోజులు వదిలేయండి, 14 గంటల బలం ఎంత? హైదరాబాద్‌లో చాలా పెద్ద టవర్లు మైవాన్ షట్టరింగులో, అంటే అల్యూమినియం ప్యానెళ్ల అచ్చుల్లో, లేస్తున్నాయి. రాత్రి పోసిన గోడకి మర్నాడు ప్యానెళ్లు విప్పుతారు. డిసెంబరు రాత్రి చలికి గట్టిపడక ఆలస్యమైతే మొత్తం పని వరస వెనక్కి పోతుంది. ప్రీకాస్ట్ యార్డులో అయితే అచ్చు ఎంత తొందరగా ఖాళీ అయితే అన్ని పీసులు. అక్కడ గంటకి రేటు ఉంది. అక్కడ సిమెంటు తగ్గించక్కర్లేదు, అయిదో పట్టిక అడ్డురాదు, రెరా భయం తక్కువ. లాభం తెల్లారేసరికి కనపడుతుంది. కంపెనీ స్లయిడ్లలో మార్కెట్ అని దేశం మొత్తం కాంక్రీటు చూపించారు చూడండి, దాన్ని కొట్టేసి మైవాన్ సైట్లు, ప్రీకాస్ట్ యార్డులు అని రాయమనండి. మార్కెట్ చిన్నదవుతుంది, కానీ ఉంటుంది.

డబ్బు పెట్టేముందు ఏం పరీక్ష చేయించాలి అని నిర్వాహకులు ముందే అడిగారు, చెప్తాను. పెద్ద ఖర్చేం కాదు, మీ చెక్కుతో పోలిస్తే ఏమీ కాదు. కంపెనీకి సంబంధం లేని, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు, లేదంటే ఇక్కడే ఉన్న సిమెంటు పరిశోధన సంస్థ ఎన్‌సీబీ కేంద్రం. నాలుగు మిక్సులు. మందు లేనిది, డిస్పర్సెంటు మాత్రమే ఉన్నది, మందు ఉన్నది, మందు ఉండి సిమెంటు పది శాతం తగ్గించినది. నాలుగిట్లోనూ 30 శాతం ఫ్లై యాష్ ఉండాలి, స్లంపు సమానంగా ఉండాలి. ఒక రోజు, మూడు, ఏడు, ఇరవై ఎనిమిది, యాభై ఆరు, తొంభై రోజులకి మూడేసి క్యూబులు, అంటే మిక్సుకి పద్దెనిమిది, మొత్తం డెబ్బై రెండు. ఇదే పని మూడు వేర్వేరు రోజులు, 216 క్యూబులు. వేరే సిమెంటు బ్రాండుతో మళ్లీ ఒకసారి. సీసాల మీద పేర్లు ఉండకూడదు, ఏ బీ సీ డీ అని మాత్రమే. ఏది ఏమిటో మీలో ఒకరి దగ్గర కవరులో ఉండాలి. నాలుగోది మొదటిదానితో సమానంగా వస్తే ముందుకెళ్లండి. మూడోది రెండోదానితో సమానంగా వచ్చిందా, మీరు కొంటున్నది పీసీఈ.

పత్రాల్లో ట్రయల్స్ లెక్క చూడొద్దు. ఉచిత డ్రమ్ము ఇస్తే ట్రయలు ఎవరైనా చేస్తారు. మూడోసారి డబ్బిచ్చి కొన్నవాళ్లు ఎందరు? వాళ్ల ఇన్‌వాయిసులు, ఈ-వే బిల్లులు, ఆ ప్లాంటు బ్యాచింగ్ ప్రింటౌట్లు మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. బాకీలు కూడా చూడండి. కాంట్రాక్టర్లు మూడు నాలుగు నెలలు తిప్పుతారు. 2024 నుంచి పన్ను నిబంధన మారి, సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకి గడువులోగా, ఒప్పందం ఉంటే 45 రోజుల్లోగా చెల్లించకపోతే ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు. ఇది మీ కంపెనీకి కొంత బలం, ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వరసలో అమ్మగారు అడుగుతున్నారు, పెద్ద కంపెనీ వచ్చి కొనేస్తుంది కదా అని. కొనడాలు జరుగుతున్నాయమ్మా. సెయింట్ గోబెయిన్ 2021లో క్రైసో, 2022లో జీసీపీ కొంది. సికా 2023లో ఎంబీసీసీ కొంది. కానీ వాళ్లు కొన్నవి ప్లాంట్ల దగ్గర డిస్పెన్సర్లూ, టెక్నీషియన్లూ, ఏళ్లుగా కొంటున్న కస్టమర్లూ ఉన్న కంపెనీలు. ఫార్ములా ఒక్కటే ఉన్నదానికి ఆ ధర రాదు. పైగా గట్టిపడిన కాంక్రీటులో 175 గ్రాములు ఏముందో తేల్చడం కష్టం, పేటెంటు ఎవరైనా దాటినా కోర్టులో ఎలా చూపిస్తారు?

ఆ పక్కన బాబు, కార్బన్ క్రెడిట్ సంగతేంటి అన్నారు. లెక్క వేద్దాం. తగ్గింది 24 కిలోల సిమెంటు. కిలో సిమెంటుకి 850 గ్రాముల చొప్పున 21 కిలోల కార్బన్ డయాక్సైడ్. టన్ను వెయ్యి రూపాయలు పలికిందనుకున్నా క్యూబిక్ మీటరుకి 21 రూపాయలు. మన దేశంలో 2023లో నోటిఫై చేసిన క్రెడిట్ పథకంలో సిమెంటు రంగం ఉంది, నిజమే. అయితే అందులో లక్ష్యాలు పెట్టేది సిమెంటు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ గేటు దాటాక ప్లాంటులో అరబస్తా తక్కువ వేసినవాడికి కాదు. స్వచ్ఛంద మార్కెట్లో అమ్ముదాం అంటే కొలిచి సర్టిఫై చేసేవాళ్ల ఫీజు ఆ 21లోంచే పోవాలి. కాబట్టి వాళ్ల ఆదాయం స్లయిడ్లో కార్బన్ క్రెడిట్ అని ఒక వరస ఉంటే, దాన్ని సున్నా చేసి మిగతా లెక్క నిలబడుతుందేమో చూడండి.